సర్వీసు

మిల్లు రిక్రియేషన్ హాల్లో
క్యారమ్ బోర్డు చెదలు తినేసింది గానీ
తొమ్మిదడుగుల ఆకుపచ్చ బల్ల మిగిలింది.
ఓ కాలు కింద గోనె మడత.
నడిమిన వల కూడా గోనె దారమే,
ఆరంగుళాలు, జానెడైనా లేదు,
లెంక సన్యాసప్పడు కూర్చుని అల్లినది.

నెల్లిమర్లలో గేటుకి తాళం పడి అప్పటికి నలభై రోజులు.
స్పిన్నింగ్ సెక్షన్లో ఇరవై రెండేళ్ళ సర్వీసు ఆయనది.
పొద్దంతా గేటు దగ్గర టెంటులో కూర్చుని
సాయంత్రం క్వార్టర్ల పిల్లల్ని పోగేసేవాడు.

"ఈ ఆట ఎవులు కనిపెట్టేరో తెల్సా గుంటా?
సీమలో దొరలు. కడుపు నిండా తిన్నారు.
బయట సలి. లోపల తోచదు.
తిన్న బల్ల మీదే పుస్తకాలు నిలబెట్టి వలన్నారు,
సీసా బిరడా బంతన్నారు,
సుట్టల పెట్టి మూత బ్యాటన్నారు."

మా అప్పమ్మకి అడ్డపొగ చుట్టలున్నాయి,
పెట్టె లేదు, కొంగులో ముడేస్తుంది అన్నాను.
నవ్వుతూ నవ్వుతూ దగ్గులో పడ్డాడు.
గోనె పీచు దగ్గు, ఓ పట్టాన వదలదు.

"తరవాత తోలు బిగించిన బ్యాట్లొచ్చేయి.
ఇటు తగిలి పింగందంట, అటు తగిలి పాంగందంట.
ఆ సప్పుడే పేరైపోనాది."

మా బంతి అలా అనేది కాదు.
దానికో సన్నటి పగులు.
జలుబు చేసినట్టు ఠప్, ఠప్.

ఆట ముందు లవ్ ఆల్ అనమనేవాడు.
నాకు సిగ్గు. ఎదురుగా గొర్లె ధనుంజయ్.
"సిగ్గేటి? ఈ ఆటలో సున్నాని లవ్వంటారు.
ఇద్దరి కాడా ఏటీ నేదు, అంతే."
ఆ నెల క్వార్టర్లన్నిటా లవ్ ఆలే,
కోమటి కొట్టు ఖాతా పుస్తకంలో తప్ప.

స్పిన్ గురించి చెప్పేటప్పుడు మాత్రం
ఆయన చేతులు వేరే మనిషివైపోయేవి.
"కొట్టీకు. ఒరుసు. బంతికి పురెక్కించు.
పైకి ఒరిస్తే ముందుకి దూకుతాది,
కింద కోస్తే యెనక్కి గుంజుతాది, దాన్నే చాపంటారు.
పురి నేని దారం తెగిపోద్ది.
పురి నేని బంతిని ఎవుడైనా కొట్టెత్తాడు."

పదీ పదీ అయితే డ్యూస్.
అక్కణ్ణుంచి రెండు పాయింట్లు పైన ఉండాలి, ఒక్కటి చాలదు.
"మా రోజుల్లో గేము ఇరవై ఒకటికి.
ఇప్పుడు పదకొండుకే. అన్నీ బేగి అయిపోవాల మరి."

వలని తాకి అవతల పడ్డ సర్వీసు లెట్.
తప్పు నీదీ కాదు, వలదీ కాదు, మళ్ళీ వెయ్యి.
మూడోసారి చర్చలు కూడా వలకే తగిలాయి గానీ
పడ్డం మా వైపే పడ్డాయి.

అన్నిటికన్నా కష్టం సర్వీసు.
"అరచెయ్యి సాపు. ఏళ్ళు ముయ్యకు.
బంతి ఎదుటోడికి కనబడాల.
తిన్నగా పైకెగరేసి, దిగినప్పుడు కొట్టు.
దాపరికం ఉంటే సర్వీసు సెల్లదు."

తాళం తీసిన రోజు గేటుకి ఓ లిస్టు అంటించారు.
నాన్న పేరు రెండో కాగితంలో ఉంది.
ధనుంజయ్ వాళ్ళ నాన్నది చివర్న, పెన్నుతో రాసి.
సన్యాసప్పడి పేరు కోసం
ముగ్గురం మూడుసార్లు చదివాం.

సాయంత్రం మామూలుగానే వచ్చాడు.
వల బిగించాడు. గోనె మడత సరిచేశాడు.
అరచెయ్యి చాపి బంతి పెట్టుకున్నాడు,
వేళ్ళు ముయ్యకుండా,
చాలాసేపు.
ఎగరెయ్యలేదు.

"ఇరవై రెండేళ్ళు," అన్నాడు.
"సెల్లదంట."

బయట ఆరు గంటల సైరన్,
నలభై ఏడు రోజుల తర్వాత.
షిఫ్టుకెళ్ళేవాళ్ళ సైకిళ్ళు కిటికీ మీంచి నీడలు లాక్కుపోయాయి.

నేను బల్లకి అటు పక్క వెళ్ళి నిలబడ్డాను.
ఏమనాలో తెలీక
"లెట్" అన్నాను.

అది లెట్ కాదని నాకూ తెలుసు.